కారు వణికితే కారణం వెతకాలి

నికాహ్, తలాఖ్, వారసత్వం, జకాత్‌లను గురించి అడిగే ఉత్తరాలు మాకు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. ఈసారి పాతబస్తీ యువకుడొకరు తన కారును గురించి అడిగారు. గ్యారేజీలో చెప్పిన మజూరీ ఎక్కువనిపించి, పుత్లీబౌలిలో ముందు చక్రాలకు కొత్త డిస్కులు, ప్యాడ్లు కొని, ఫోనులో వీడియో చూస్తూ గల్లీలోనే తానే బిగించుకున్నారట. మూడు నెలలు బండి బాగానే నడిచింది. ఆ తరువాత వేగంలో బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణకడం మొదలై, రోజురోజుకూ ఎక్కువవుతోంది. వచ్చే వారం తల్లిని, చెల్లెళ్లను తీసుకుని కర్నూలులో పెళ్లికి వెళ్లాలి. అల్లాహ్‌పై భారం వేసి బయలుదేరవచ్చునా అన్నది మొదటి ప్రశ్న. మామయ్య సలహా ప్రకారం, ఏమీ చెప్పకుండా ఈ బండిని అమ్మివేయవచ్చునా అన్నది రెండవది.

ఒక వస్తువు స్వరూపం తెలియకుండా దానిపై తీర్పు చెప్పరాదని మదరసా విద్యార్థులకు తొలి ఏళ్లలోనే నేర్పుతారు. తెలియని విషయాన్ని తెలిసినవారిని అడగమని దివ్య ఖుర్ఆన్ (16:43) ఆదేశిస్తోంది. అందుచేత చాలా కాలంగా ఈ పనిలోనే ఉన్న ఒక ఉస్తాద్‌ను సంప్రదించి, ఆపైనే ఈ జవాబు రాస్తున్నాము.

బండి వణుకుతోందంటే మొదట అడగవలసినది 'ఎప్పుడు?' అని. బ్రేకు తొక్కకపోయినా ఒక వేగం దాటగానే వణికితే, చక్రాల బ్యాలెన్సింగులోనో, టైరులోనో, చక్రం సరిగా కూర్చోకపోవడంలోనో లోపం ఉండవచ్చు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే అనుమానం డిస్కుల మీదకు పోతుంది. ఆ వణుకు స్టీరింగులో తెలిస్తే సాధారణంగా ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనుక చక్రాలు కారణమవుతాయి.

మన సోదరుడు తనకు నకిలీ డిస్కులు అంటగట్టారని దుకాణదారుణ్ణి అనుమానిస్తున్నారు. అలా జరగకూడదని లేదు. కానీ ఉస్తాద్ చెప్పిన కారణం వేరు. పాత డిస్కు తీసిన తరువాత, అది ఆనుకునే హబ్ ముఖంపై తుప్పు పొరలు మిగిలి ఉంటాయి. వాటిని వైర్ బ్రషుతో శుభ్రంగా గీకకుండా కొత్త డిస్కును తొడిగితే అది వెంట్రుకవాసి పక్కకు ఒరిగి కూర్చుంటుంది. చాలా కార్లలో అనుమతించే ఒరుగు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఒరిగిన డిస్కు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడుకు రాసుకుంటుంది. అలా వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ చోటు అరిగి, డిస్కు ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా తయారవుతుంది. అప్పుడే వణుకు బయటపడుతుంది. లోపం బిగించిన నాటిదే అయినా మూడు నెలలు కనబడకపోవడానికి కారణం ఇదే. నిర్ధారణ లేకుండా దుకాణదారుణ్ణి నిందించడం దురనుమానమే అవుతుంది. దాని నుండి ఖుర్ఆన్ (49:12) మనల్ని వారించింది.

చక్రాల నట్ల విషయమూ ఇటువంటిదే. వాటిని వరుసగా ఒకదాని పక్కన ఒకటి కాక, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసినంత బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే డిస్కుపై ఒత్తిడి సమానంగా పడదు. ఇక కాలిపర్ జారే పిన్నులు ఎండిపోయి పట్టేస్తే బ్రేకు వదిలినా ప్యాడు డిస్కును వదలదు. అప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, ఒక చక్రం మాత్రమే కాలిపోతుంది, మాడు వాసన వస్తుంది.

చికిత్స కూడా ఈ క్రమంలోనే సాగాలి. ముందు నట్ల బిగువు చూడాలి. తరువాత డయల్ గేజితో డిస్కు ఒరుగునూ, మైక్రోమీటరుతో దాని మందాన్నీ కొలిపించాలి. డిస్కుపైనే కనిష్ఠ మందం అచ్చువేసి ఉంటుంది. సానపట్టిన తరువాత కూడా అంతకంటే మందం మిగిలేటట్లయితే లేతుపై సరిచేయించవచ్చు. లేకపోతే రెండు వైపులా మార్చవలసిందే. ఏది చేసినా ముందు హబ్‌ను శుభ్రం చేయకపోతే మూడు నెలలకు మళ్లీ అదే కథ. వణుకుతో పాటు టకటక శబ్దం వచ్చినా, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయినా బండిని అక్కడే ఆపాలి, ఒక్క కిలోమీటరు కూడా నడపరాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉంది. తవక్కుల్ అంటే చేయగలిగినది చేసిన తరువాత ఫలితాన్ని ప్రభువుకు అప్పగించడం. హెచ్చరికను విని కూడా విననట్లు నటించడానికి ఆ పేరు పెట్టకూడదు. హైదరాబాదు నుండి కర్నూలుకు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 44వ జాతీయ రహదారిపై లారీల మధ్య వేగంలో బ్రేకు తొక్కవలసి వస్తే ప్రమాదంలో పడేది నడిపేవాని ప్రాణం ఒక్కటే కాదు. వెనుక సీటులో కూర్చున్న తల్లి, చెల్లెళ్లు అతని చేతిలోని అమానత్. ఎదురుగా రోడ్డు దాటుతున్న అపరిచితుని ప్రాణమూ అంతే పవిత్రమైనది. కనుక లోపం సరిచేయించకుండా ఆ బండిలో ప్రయాణం చేయరాదు. పెళ్లికి బస్సులో వెళ్లినా బంధుత్వానికి లోటు రాదు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడన్న హదీసు అబూదావూద్, నసాయీ, ఇబ్నుమాజా గ్రంథాలలో ఉంది. ఫుఖహాలు ఈ సూత్రాన్ని ఇతర వృత్తులకూ వర్తింపజేశారు. సంకల్పం మంచిదైనంత మాత్రాన చేతితో కలిగిన నష్టానికి పూచీ తొలగిపోదు. మన సోదరుడు తన బండితో సరిపెట్టుకున్నారు. రేపు స్నేహితుని బండికి ఇదే పని చేయబోతే ఈ మాట గుర్తుంచుకోవాలి.

రెండవ ప్రశ్నకు జవాబు మరింత స్పష్టం. బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా ఉన్నా లోపల తడి ఉందని గమనించిన దైవప్రవక్త (స), తడిని పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుణ్ణి నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ముస్లిం హదీసు గ్రంథంలోని ఈ సంఘటన నేటి పాత కార్ల బేరానికి అక్షరాలా సరిపోతుంది. నెమ్మదిగా నడిపి చూపిస్తే వణుకు తెలియదు. అదే తడిసిన ధాన్యం! లోపం దాచి అమ్మితే, అది తెలిసిన తరువాత బేరం రద్దు చేసుకునే హక్కు కొన్నవానికి ఫిఖ్హ్ ఇస్తుంది. పైగా ఇది ధాన్యం కాదు, బ్రేకు. దాచినవాడు ధర మాత్రమే కాదు, కొన్నవాని కుటుంబ క్షేమాన్ని కూడా దాచిన మాటలో పెట్టి అమ్ముతున్నాడు. బండి అమ్మవచ్చు, లోపం చెప్పి అమ్మాలి. రావలసిన ధర కొంత తగ్గుతుంది. తగ్గిన సొమ్ములోనే బరకత్ ఉంటుంది.

తన పని తానే చేసుకోవడాన్ని మేము తప్పుపట్టడం లేదు. దైవప్రవక్త (స) తమ చెప్పులను తామే కుట్టుకునేవారని, ఇంటి పనులలో పాల్గొనేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. అయితే విద్యకు ఒక ద్వారం ఉంటుంది. మా మదరసాలలో పుస్తకం చదివినంత మాత్రాన బోధించే అనుమతి రాదు, ఉస్తాద్ ఎదుట కూర్చుని పాఠం అప్పగించాలి. పాతబస్తీ గ్యారేజీలలో కూడా పెద్ద మెకానిక్‌ను ఉస్తాద్ అనే పిలుస్తారు. హబ్‌పై తుప్పును ఎంతవరకు గీకాలో, నట్టు ఎక్కడ ఆపాలో చేయి పట్టుకుని చూపేది ఆయనే. నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్న యువకులు కొన్ని ఆదివారాలు అటువంటివారి దగ్గర గడపాలి, ఆయనకు రావలసిన మజూరీ బేరమాడకుండా ఇవ్వాలి.

అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమంగా గమ్యం చేర్చుగాక, మన బేరాలను మోసం నుండి కాపాడుగాక. ఆమీన్.