పాడైన సిగ్నల్ దగ్గర గుర్తుకు రావాల్సిన పాఠం



విశాఖ–పలాస పాసింజరు నౌపడ వాళ్లకు ఇంటి బండి లాంటిది. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య ఆ బండిని వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొట్టింది. 14 మంది పోయారు. ఆటోమేటిక్ సిగ్నల్ పాడై ఎర్రగా ఉంటే పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, ఆపైన చాలా నెమ్మదిగా కదలాలి. వెనక బండి ఈ నిబంధన పాటించలేదని ప్రాథమిక విచారణ తేల్చింది. ఆ బండి లోకో పైలట్, సహాయకుడు కూడా మృతుల్లో ఉన్నారు.

తప్పు డ్రైవరుదే అనేసుకుంటే పని తేలికవుతుంది. కానీ మరుసటి ఏడాది జరిగింది చూడండి.

2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్లో కాంచనజంగ ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు బండి గుద్దింది. అక్కడా పొద్దున్నుంచీ ఆటోమేటిక్ సిగ్నళ్లు పని చేయలేదు. ఆ పూట ఆ సెక్షన్లోకి వెళ్లిన ఏడు బండ్లలో ఒక్క కాంచనజంగ మాత్రమే ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి, నియమిత వేగంలో నడిచిందని రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక చెప్పింది. పాటించిన బండే దెబ్బ తింది! ఏడింటిలో ఆరు తప్పాయంటే అది ఒక మనిషి అజాగ్రత్త కాదు. లోకో పైలట్లకు, స్టేషన్ మాస్టర్లకు ఈ విషయంలో సరైన అవగాహన కల్పించలేదని ఆ నివేదికే అంది.

ఇలాంటప్పుడు ‘శిక్షణ పెంచాలి’ అన్న మాట వెంటనే వస్తుంది. పెంచడమంటే మామూలుగా మరో నాలుగు రోజులు క్లాసులో కూర్చోబెట్టడం. జ్ఞాపకశక్తిపై జరిగిన పరిశోధనలు చూస్తే ఇది ఎందుకు సరిపోదో తెలుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికి అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. మరికొందరి చేత ఒకసారి చదివించి, పుస్తకం మూయించి, గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత రెండుసార్లు చదివినవారిదే పైచేయి, 81 శాతానికి 75. వారం తిరిగేసరికి వారికి 42 శాతమే గుర్తుంది, రాసినవారికి 56. కోర్సు చివరి రోజు పరీక్షలో అందరూ పాసవడం ఎంత నమ్మదగిన లెక్కో ఇక్కడే తెలిసిపోతుంది.

బ్రిటిష్ తపాలా ఉద్యోగులకు కీబోర్డు నేర్పినప్పటి అనుభవం ఉద్యోగ శిక్షణకు ఇంకా దగ్గరిది. బ్యాడ్లీ, లాంగ్‌మన్ 1978లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవారి కంటే ఒక్క గంట కూర్చున్నవారు మొత్తం మీద తక్కువ గంటల్లో నేర్చుకున్నారు. ఎక్కువ రోజులు పట్టిందని ఎక్కువ అసంతృప్తి పడిందీ వాళ్లే. శిక్షణ ఎలా ఉందని నేర్చుకునేవాళ్లను అడిగి మార్కులు వేసే అధికారులు ఈ సంగతి గమనించాలి.

రోజూ చేసే పని మెదడులో అలవాటుగా స్థిరపడి ఆలోచించకుండానే సాగిపోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే పరిస్థితిలో మాత్రం ఆ అలవాటును ఆపి, మరచిపోతున్న నియమాన్ని బయటికి లాగాలి. కాబట్టి సాధన కావలసింది ఆ అరుదైన పరిస్థితికే. డ్యూటీ ఎక్కే ముందు లాబీలో లోకో పైలట్లు శ్వాస పరీక్ష ఇస్తారు. అక్కడే ఇంకో రెండు నిమిషాలు తీసుకుని, పుస్తకం చూడకుండా చెప్పాల్సిన ప్రశ్న ఒకటి అడగవచ్చు: పాడైన సిగ్నల్ దగ్గర రాత్రి ఎంతసేపు ఆగాలి? అదే ప్రశ్న వారానికి, మళ్లీ నెలకు తిరిగి రావాలి. సిమ్యులేటర్‌లోనూ చెప్పకుండా సిగ్నల్ చెడగొట్టి చూడాలి. తప్పు చెప్పినవారికి మెమో ఇస్తే మాత్రం ఈ పద్ధతి మొదటి వారంలోనే చచ్చిపోతుంది.

సిబ్బంది కొరత, విశ్రాంతి లేని డ్యూటీలే అసలు సమస్య అనేవారూ ఉన్నారు. ఆ మాట నిజమే. నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కూడా తోడ్పడుతుంది గనుక, విశ్రాంతి అడగడం శిక్షణకు అడ్డు మాట కాదు.

ఈ వాదన రైల్వేతో ఆగదు. నౌపడ పక్కనే మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్లో శంకుస్థాపన జరిగింది. క్రేన్లు, సరుకు ఎత్తే యంత్రాల దగ్గర సంతబొమ్మాళి మండలం కుర్రాళ్లకు పని ఇస్తే, వారికి ఏ పద్ధతిలో నేర్పాలో ఇప్పుడే రాసుకోవాలి. నేర్పే సంస్థకు డబ్బులో కొంత భాగం కోర్సు ముగిసిన ఆరు నెలలకు, ఆ కుర్రాళ్లు యంత్రం ముందు నిలబడి అత్యవసర పద్ధతులు చేసి చూపించాకే చెల్లించాలి.

— ఒక పాఠకుడు, నౌపడ, శ్రీకాకుళం జిల్లా