కంట్రోలు పిలుపులు, పనిగంటల లెక్క

రెండు స్టేషన్ల మధ్య బ్లాకు గంట ఒక్క బీటు మ్రోగినచో ఫోను వద్దకు రమ్మని అర్థము. రెండు బీట్లు లైన్ క్లియరు అడుగుటకు, మూడు బండి సెక్షనులో ప్రవేశించినదని తెలుపుటకు, నాలుగు బండి సెక్షను వీడినదని తెలుపుటకు, ఆరు అపాయ సూచనకు. తంతి కార్యాలయములలో పనిచేసిన మన తపాలా సోదరులకు ఇది ఎరిగిన పద్ధతియే. మోర్సు కాలమున ముందు ఎదుటి ఆఫీసును దాని కోడుతో పిలిచి, అచ్చటివారు పలికిన పిదపనే వార్త పంపెడివారు. ఈ క్రమమును మేము తప్పుపట్టుట లేదు. ఎన్నో ప్రాణములను కాపాడిన క్రమమిది.

కంట్రోలు ఫోను సంగతి వేరు. సెక్షన్ కంట్రోలరు స్టేషను కోడు నొక్కినచో ఆ స్టేషనులో మాత్రమే గంట మ్రోగును. మ్రోగినట్లు ఆయన చెవికి తెలియును. కొన్ని స్టేషన్లను ఒక జట్టుగాను, అన్నింటిని ఒకేసారిగాను పిలుచుటకు కూడ వీలున్నది. స్టేషను మాస్టరుకు ఆ వసతి లేదు. ఆయన రిసీవరు ఎత్తి, లైనుపై మరొకరు మాటాడుచున్నారేమో విని, పిడి మీది మీట నొక్కి, తన స్టేషను పేరు చెప్పి, కంట్రోలరు పలుకువరకు వేచియుండవలెను. అందరికీ ఉన్నది ఒకటే లైను. అదే సమయమున గేట్‌మన్ ఫోను పిడి త్రిప్పును, ప్రక్క స్టేషను బ్లాకు గంట మ్రోగును, కిటికీ వద్ద ప్రయాణికుడు బండి ఎప్పుడని అడుగును. మూడు పిలుపులకు మనిషి ఒక్కడే.

టాటానగర్‌కు ఇటు సాల్గాఝరీ, ఆసన్‌బనీ, అటు ఆదిత్యపూర్, గమ్హారియా. ఉక్కు కర్మాగారమునకు ముడి ఖనిజము, బొగ్గు తెచ్చు గూడ్సు బండ్లు రాత్రింబవళ్లు నడచు లైనిది. ఈ లైనుపై హిందీ, బెంగాలీ, ఒడియా, తెలుగు మాతృభాషలుగా గలవారు ఒకే ఫోనులో మాటాడుదురు. కనుకనే మనవారు ప్రైవేటు నెంబరును అంకె అంకెగా పలికి, ఎదుటివారిచేత మరల చెప్పించి, పుస్తకములో వ్రాయుదురు. తొందరలో ఒక్క అంకె తప్పుగా వినబడినను ఆ తప్పు చివరకు ఎవరి సంతకము క్రింద నిలుచునో మనకు తెలియును.

2025 జూలై 8న కడలూరు సమీపమున సెమ్మంకుప్పం గేటు వద్ద బడి వ్యానును రైలు ఢీకొని ముగ్గురు విద్యార్థులు మరణించిరి. ఆ పసివారి తల్లిదండ్రుల దుఃఖము ముందు మన వాదములన్నియు చిన్నవి. పిదప రైల్వే మంత్రిత్వశాఖ గేట్ల వద్ద కెమెరాలు పెట్టవలెనని, స్టేషను–గేటు సంభాషణల రికార్డులను అధికారులు తనిఖీ చేయవలెనని ఆదేశించినది. మంచిదే. రికార్డును చూచి భయపడవలసిన అవసరము మనకు లేదు. అయితే ఆ యంత్రమును తప్పు వెదకుటకు మాత్రమే తెరచుట న్యాయమా?

చిన్న స్టేషన్లలోను, అనేక గేట్లలోను నేటికిని ఇ.ఐ. రోస్టరు, అనగా పన్నెండు గంటల డ్యూటీ, నడుచుచున్నది. 1989 రైల్వే చట్టము ఇ.ఐ. వర్గమునకు వారమునకు 75 గంటల వరకును, కంటిన్యూయస్ వర్గమునకు రెండు వారముల సగటున వారమునకు 54 గంటల వరకును పని అనుమతించుచున్నది. పన్నెండు గంటల డ్యూటీలో సగము కాలమైనను శారీరక శ్రమ గాని, ఎడతెగని ఏకాగ్రత గాని అవసరము లేకుండ గడచినప్పుడే ఒకరిని ఇ.ఐ. వర్గములో చేర్చవచ్చునని అదే చట్టము చెప్పుచున్నది. గంట ఏ క్షణమున మ్రోగునో అని చెవి ఒగ్గి కూర్చున్న గేట్‌మన్ విశ్రాంతిలో ఉన్నట్లా? గంట మ్రోగనంతసేపు పని లేదని లెక్కించువారు ఒక్క రాత్రి ఆ గుమటీలో కూర్చుండి చూడవలెను.

గ్రామీణ డాక్ సేవకులకు ఈ మాట కొత్త కాదు. 2018లో వారి పనిని 4 గంటలు, 5 గంటలు అని రెండు మెట్లుగా నిర్ణయించిరి. సంచి కొరకు వేచియున్న కాలము, నెట్‌వర్కు కొరకు వేచియున్న కాలము ఎవరి లెక్కలోనికి వచ్చినవో వారినే అడుగుడు.

కాబట్టి మన కోరిక ఇది. జాబ్ అనాలిసిస్ జరుపునప్పుడు వాయిస్ రికార్డరులోని పిలుపుల సంఖ్యను, వేళను సాక్ష్యముగా స్వీకరించవలెను. విచారణకు పిలువబడిన ఉద్యోగికి తన మాట ఒక్కటే గాక, ఆ డ్యూటీ అంతటి రికార్డును వినిపించవలెను. బండ్ల నడకకు సంబంధించిన ఉత్తరువులు రికార్డు కాని మొబైలులో ఇచ్చుట మానవలెను. అట్లు ఇచ్చి, తరువాత మేము చెప్పలేదన్న సందర్భములు మా దృష్టికి వచ్చినవి.

ఇందుకు మన చేతిలోను లెక్క ఉండవలెను. ఇ.ఐ. రోస్టరులో పనిచేయు ప్రతి సభ్యుడు వరుసగా మూడు రోజులు, అనగా చట్టము సగటు తీయుమన్న 72 గంటలు, తనకు వచ్చిన ప్రతి పిలుపును వేళతో సహా కాగితముపై వ్రాసి శాఖా కార్యదర్శికి అందజేయవలెను. రాత్రి డ్యూటీ పిలుపులను వేరుగా చూపవలెను.