సున్నా అంటే ఎంత ఎత్తు?

హైదరాబాద్ నేల సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇళ్ల డిజైన్లు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన ఇంటికి మాత్రం గ్రౌండ్ ఫ్లోర్ సున్నా. సర్వేయర్ ఇచ్చిన కాంటూర్లు, అంటే నేల ఎత్తులు చూపే గీతలు, తెచ్చి కలపగానే ఇల్లు నేలకు అరకిలోమీటరు అడుగున కనిపిస్తుంది. అప్పుడు చాలామంది నేలనే కిందికి లాగి ఇంటికి అతికించేస్తారు. చూపుకు బాగుంటుంది, కానీ సర్వే లెక్కలతో లంకె తెగిపోతుంది. నేలను కదపకుండా, ఇంటి సున్నాకు సర్వే ప్రకారం అసలు ఎత్తు ఎంతో రెవిట్‌కు చెప్పాలి. ఇంటి కొలతలు సున్నా నుంచే సాగుతాయి.

చిన్న ఇంటికి ఇదంతా ఎందుకు, మేస్త్రి లెవెల్ ట్యూబుతో చూసుకోడా అంటారు. చూసుకుంటాడు, ఎదురుగా ఉన్నంతవరకే. మట్టి కింది డ్రైనేజీ పైపు ఎత్తు ట్యూబుకేం తెలుసు? బంజారాహిల్స్ లాంటి వాలులో ఇంటికీ ఆ పైపుకీ మధ్య ఎత్తు లెక్క తప్పితే, అది సెల్లార్‌లోకి నీరై వస్తుంది. ప్లాన్ తీసుకునేటప్పుడు మీ ఇంటి సున్నా సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో రాసివ్వమని ఆర్కిటెక్టును అడగండి.