పాస్‌వర్డ్ అడిగేది ఒకరు... సంజాయిషీ రాసేది ఇంకొకరు!

సమాచార భద్రత అనగానే అదేదో కంప్యూటర్ ఇంజనీర్ల వ్యవహారమని వదిలేస్తాం. కానీ కౌంటర్లోనో, అకౌంట్స్ సెక్షన్లోనో పనిచేసే ఆడవాళ్లని అడగండి, అసలు సంగతి చెబుతారు. "అమ్మా, అర్జెంటు బిల్లుంది, నీ పాస్‌వర్డ్ ఓసారి చెప్పు" అని పైఅధికారి అడిగితే కాదనగలిగేవాళ్లు ఎందరు? చెప్పకపోతే పొగరంటారు. చెప్పాక ఏదన్నా తేడా వస్తే మెమో ఆవిడ పేరునే వస్తుంది. కంప్యూటర్‌కి మనుషులు తెలియరు కదా, లాగిన్ పేరొక్కటే తెలుసు!

మా ఆఫీసులో ప్రసూతి సెలవు మీద వెళ్లిన అమ్మాయి లాగిన్‌తో నాలుగు నెలలపాటు బిల్లులు పాసయ్యాయి. ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజున కూడా! ఆడిట్‌లో పట్టుకుంటే, చంటిదాన్ని చంకనేసుకుని వచ్చి సంజాయిషీ రాసిచ్చింది ఆ అమ్మాయే. సెలవు పెట్టిన రోజే ఆ లాగిన్ ఆపెయ్యాలని ఎవరికీ తోచలేదు. గోడమీద మాత్రం 'మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి' అని నోటీసుంది.

నోటీసులతో, ఖరీదైన యంత్రాలతో భద్రత రాదు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకి ఏమైందో చూడండి. న్యూయార్క్‌లో ఉన్న దాని ఖాతా నుంచి దొంగలు 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలాకి తరలించేశారు. లావాదేవీల కాగితాలు అచ్చువేసే ప్రింటర్ ఆగిపోవడమే మొదటి సూచన. దాన్ని ఆపింది దొంగలే. పైగా ఆ రోజు శుక్రవారం, అక్కడ సెలవు. ప్రింటర్ మొరాయించడం మామూలేగా అనుకున్నారు. మన ఆఫీసుల్లో మాత్రం? "సార్, ఇదేదో తేడాగా ఉంది" అని ఓ చిన్న ఉద్యోగిని వెళ్లి చెబితే, "నువ్వేం ముట్టుకున్నావ్?" అన్నదే మొదటి ప్రశ్న. ఇక రెండోసారి ఎవరు చెబుతారు?

వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో చట్టం చేశారు. దశలవారీగా అమలయ్యేలా 2025 నవంబరులో నియమాలూ ఇచ్చారు. జనం వివరాలు భద్రంగా ఉంచని సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. మంచిదే. (మన ఆధార్ జిరాక్సులు పాత కాగితాల కొట్టుకి చేరకుండా ఉంటే అదే పదివేలు!) నా భయమల్లా ఒక్కటే. ఆ జరిమానా భయం పైనుంచి కిందకి జారుతూ వచ్చి, చివరికి డేటా ఎంట్రీ అమ్మాయి నెత్తిన పడుతుందేమోనని.

అందుకే యాజమాన్యాలని అడగాలి. పాస్‌వర్డ్ అడిగిన అధికారికి కూడా మెమో ఇవ్వాలి. చెల్లింపు ఏదైనా ఇద్దరు విడివిడిగా చూశాకే వెళ్లాలి. అనుమానం వచ్చి ముందుగా చెప్పినవాళ్లని తప్పుపట్టకూడదు. ఇంకోమాట... వీటిమీద శిక్షణ పెడితే ఆఫీసు వేళల్లోనే పెట్టండి. సాయంత్రం ఆరు దాటాక పెడితే, బస్సు కోసం పరిగెత్తేవాళ్లు ఏం వింటారు?