నేల మీద పడుకున్నావా?



ఈ వారం వాక్య ధ్యానం పక్కన పెట్టి వేరే సంగతి రాస్తున్నాము. కొందరికి కోపం రావచ్చు, రానివ్వండి.

మొన్న వానల్లో, మన సంఘంలో కూలికి వెళ్లే ఒక తల్లికి అర్ధరాత్రి కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. డిగ్రీ చదివే కొడుకు ఫోనులో ఏఐని తెలుగులోనే అడిగాడు. గ్యాస్ అయి ఉండవచ్చు, గోరువెచ్చని నీళ్లు తాగించండి, తగ్గకపోతే ఉదయం డాక్టరును కలవండి అని అది ఎంతో మర్యాదగా చెప్పింది. తెల్లవారేసరికి ఆమె కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. పక్క వీధి ఆశా కార్యకర్త పరుగున వచ్చి ఒక్కటే అడిగింది: "రాత్రి నేల మీద పడుకున్నావా పిన్నీ?"

కట్లపాము. అది కరిస్తే వాపు దాదాపు ఉండదు, నొప్పి పెద్దగా తెలియదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. నిద్రలోనే కరిచి పోతుంది. కడుపునొప్పితో మొదలై చివరికి ఊపిరి ఆగుతుంది. 108 వచ్చింది, యాంటీ వీనమ్ ఎక్కించారు, వెంటిలేటర్ పెట్టారు. దేవుని కృపను బట్టి ఆమె బ్రతికింది.

ఆ ఇంట్లో మంచం లేదని ఫోనుకు తెలియదు. అది అడగలేదు. చెప్పాలని ఆ పిల్లవాడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

మన పిల్లలను తప్పుపట్టము. ఆసుపత్రికి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, ఆటో బాడుగ అవుతుంది, చీటీ రాసే దగ్గర కసురు కూడా పడాలి. ఫోను కసరదు. మార్కు 5లోని స్త్రీ పన్నెండేళ్లు వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకుంది. ఊరకనే జవాబు చెప్పేది దొరికితే ఆమె మాత్రం వదులుతుందా? మా కోపమంతా, డాక్టరు లేని ఊళ్లకు ఇక ఏఐ చాలు అనేవారి మీద. వారి తల్లికి అర్ధరాత్రి నొప్పి వస్తే వారు ఫోను తీస్తారా, కారు తీస్తారా?

చీటీలోని మాత్ర దేనికో ఫోనును అడగండి. డాక్టరును ఏమేమి అడగాలో చెప్పించుకోండి. ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం దాని చేతికి ఇవ్వకండి. రాత్రి నేల మీద పడుకున్న మనిషి కడుపునొప్పితో లేచినా, రెప్పలు బరువెక్కినా, మింగుడు పడకపోయినా తెల్లవారే దాకా ఆగవద్దు, 108కి కొట్టండి.

ఇంకొకటి దాచకూడదు. ఆ రాత్రి రెండున్నరకు ఆ అబ్బాయి మాకూ ఫోను చేశాడు. ప్రార్థన చేసి, "పొద్దున చూద్దాంలే, పడుకో నాన్నా" అన్నాము. మేమూ ఏమీ అడగలేదు.

ఆ ఇంటికి ఒక మంచం, దోమతెర కొనాలి. ఈ ఆదివారం కానుక దానికే.