ఊరి మాటా, జూరీ మాటా

పిల్లలూ, కడియం పూలతోటలు మీరు ఎరుగుదురు గదా. ఒక రాత్రి అయిదారుగురు దొంగలు కత్తులతో ఒక తోటలోకి వచ్చి, కాపలావాణ్ణి కట్టేసి, డబ్బుపెట్టె ఎత్తుకుపోయారనుకోండి. తెల్లవారేసరికి, “వాళ్ళలో ఫలానావాడు ఉండి తీరాలి!” అని ఊరంతా అంటున్నది. పోలీసులు వాణ్ణి పట్టుకున్నారు. పదిమందీ అన్నంతమాత్రాన వాడు దొంగ అవుతాడా? కాడు. నేరం కోర్టులో రుజువు కావాలి.

రుజువయిందో లేదో ఇప్పుడు మన దేశంలో జడ్జీయే తేలుస్తారు. కాని ఇంగ్లీషువాళ్ళ కాలంలోనూ, స్వరాజ్యం వచ్చాక కొన్ని ఏళ్ళపాటూ, ప్రభుత్వం నిర్ణయించిన జిల్లాలలో, నిర్ణయించిన నేరాలకు, ఆ పని మామూలు మనుషులు చేసేవారు. వారినే జూరీ అంటారు.

వారిని ఎలా ఎన్నుకునేవారో చూడండి. 1898 నాటి చట్టం ప్రకారం సెషన్సు జడ్జీ, కలెక్టరూ కలిసి తగినవారి జాబితా తయారుచేసేవారు. 21 ఏళ్ళు నిండి 60 దాటని మగవాళ్ళకే అందులో చోటు. ఆడవాళ్ళకు న్యాయం తెలియదా? ఆ చట్టం వారిని అడగనే లేదు!

విచారణనాడు, పిలిపించిన వారినుంచి చీట్లు తీసి జూరీని ఏర్పరిచేవారు. చెరిసగంగా చీలిపోకుండా బేసి సంఖ్యలోనే తీసుకునేవారు. 9 మందికి మించేవారు కాదు. ఒక్కొక్కరి పేరు పిలిచి, “ఇతనంటే నీకు అభ్యంతరమా?” అని ముద్దాయిని అడిగేవారు. పక్షపాతం చూపేవాణ్ణీ, సాక్షుల భాష రానివాణ్ణీ తప్పించవచ్చు.

సాక్షులూ, ప్లీడర్లూ చెప్పేది అయిపోయాక, జడ్జీ సాక్ష్యాన్ని టూకీగా చెప్పి, చట్టాన్ని వివరించేవారు. చట్టం జడ్జీ వంతు. ఏం జరిగిందో తేల్చటం జూరీ వంతు. వారు ఆలోచించుకున్నాక, వారి పెద్ద అయిన ఫోర్‌మన్ లేచి దోషి అనో, నిర్దోషి అనో చెప్పేవాడు. శిక్ష వేసేది మాత్రం జడ్జీయే.

మరి జూరీ పొరబడితే? 1959లో బొంబాయిలో నానావతి అనే నౌకాదళ అధికారిమీద హత్యకేసు నడిచింది. పత్రికలనిండా ఆ కథే. జనంలో చాలామందికి అతనిమీద జాలి. 9 మంది జూరీలో 8 మంది నిర్దోషి అన్నారు. జడ్జీ ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపారు. హైకోర్టు 1960లో అతణ్ణి దోషి అన్నది. 1961లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయపరచింది.

క్రమంగా జూరీలు తగ్గిపోయాయి. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం సెషన్సు విచారణలలో వాటికి చోటివ్వలేదు. అమెరికాలో జూరీలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ పౌరులైన మన తెలుగువారికి కూడా జూరీ పిలుపు రావచ్చు. పెద్ద నేరాలలో జూరీ సభ్యులంతా ఏకాభిప్రాయానికి వస్తేనే ముద్దాయి దోషి.

జూరీ కారణాలు చెప్పనవసరం లేదు. మన జడ్జీ తన తీర్పుకు కారణాలు రాయాలి. కాని ఎవరు తేల్చినా వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: “ఈ కోర్టులో విన్న సాక్ష్యంతో, సబబైన అనుమానం మిగలకుండా నేరం రుజువయిందా?” ఊళ్ళో విన్నది లెక్కలోకి రాదు.

రేపు మీ తరగతిలో ఎవరి పెన్ను పోయినా, “వాడే తీశాడు!” అనేముందు ఒక్క క్షణం జూరీలో కూర్చోండి. చూసినవారెవరు? వారి మాట నమ్మదగినదేనా? అనుమానం మిగిలితే, ఆ కుర్రవాణ్ణి దొంగ అనకండి.