తీగల ఎత్తుకు ట్రస్ రాడ్ తిప్పమనడం తప్పు

"తీగలు ఎత్తుగా ఉన్నాయా? ట్రస్ రాడ్ బిగించు, అవే దిగుతాయి." మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో, చేవెళ్ల వైపు చర్చిల్లో ఆదివారం ఆరాధనకు వాయించే పిల్లల మధ్య ఈ సలహా ఏళ్లుగా నడుస్తోంది. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "ఎలక్ట్రిక్ గిటార్‌ను ఇంట్లో ముట్టుకోవద్దు, సిటీకి తీసుకెళ్లి ఇచ్చేయ్." మొదటి మాట విని గిటార్ పాడుచేసుకున్నవాళ్లే చాలాసార్లు రెండో మాట చెబుతుంటారు. రెండూ తప్పే. మొదటిది వాయిద్యాన్ని చెడగొడుతుంది. రెండోది నేర్చుకునేవాడిని భయపెట్టి కూర్చోబెడుతుంది.

ట్రస్ రాడ్ ఎందుకు పుట్టిందో చూస్తే మొదటి మాటలోని తప్పు తెలిసిపోతుంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1921లో దీని పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు, 1923లో అది మంజూరైంది. ఆయన దృష్టి నెక్ వంగిపోవడం మీద ఉంది, తీగల ఎత్తు మీద కాదు. సన్నని 09 సెట్ వేసి శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిపి నెక్‌ను సుమారు 38 కిలోల బలంతో ముందుకు లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు నిలబడటమే నెక్ లోపల ఉండే ఈ కడ్డీ పని. తీగ కంపించినప్పుడు దాని నడుమ భాగం ఎక్కువగా ఊగుతుంది. అందుకని నెక్‌కు ఆ మేరకు వెంట్రుకవాసి వంపు ఉండాలి. దాన్నే రిలీఫ్ అంటారు. ఫెండర్ తన గిటార్లలో చాలావాటికి చెప్పే లెక్క 0.25 మిల్లీమీటర్లు. కడ్డీ సరిచేయవలసింది ఈ వంపునే.

మరి తిప్పినప్పుడు తీగలు కొంచెం దిగాయి కదా అంటారు. దిగుతాయి, కాదనను. వంపు తగ్గితే నడిమి ఫ్రెట్ల దగ్గర తీగ కాస్త దగ్గరవుతుంది. ఈ తప్పు ఇన్నాళ్లు బతికిందే ఆ కాస్త వల్ల. కానీ పన్నెండో ఫ్రెట్ దాటాక పైకి వెళ్లేకొద్దీ తేడా దాదాపు కనబడదు. సోలో వాయించే చోట తీగ ఎత్తుగానే ఉంటుంది. సరిపోలేదని ఇంకాస్త బిగిస్తారు. నెక్ వెనక్కి వంగి, మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో తీగ గరగరమంటుంది. ఇంకా బిగిస్తే కడ్డీ చివరన కీ పట్టే గుంట అరిగి గుండ్రమవుతుంది. అక్కడితో కీ పట్టదు.

ఈ మధ్య ఒక డిగ్రీ కుర్రాడి స్ట్రాట్ తరహా గిటార్‌ను దగ్గరగా చూశాను. వాడు 09 సెట్ తీసేసి లావు తీగల 10 సెట్ వేశాడు. లాగుడు 38 కిలోల నుంచి 46 కిలోల దాకా పెరిగింది. వెనక స్ప్రింగులు ఆ బరువును ఆపలేకపోయాయి. బ్రిడ్జ్ పలక వెనక అంచు చిటికెన వేలు దూరేంత పైకి లేచింది, దాంతోపాటే తీగలూ లేచాయి. వాడికి అందిన సలహా మాత్రం అదే: ట్రస్ రాడ్ బిగించు. బిగించాడు, బిగించాడు, చివరికి మొదటి ఫ్రెట్లు మూగబోయాయి. నిజానికి చేయాల్సిందల్లా గిటార్ వెనక మూత తీసి, స్ప్రింగుల కొక్కాన్ని పట్టుకున్న రెండు మరలను స్టార్ స్క్రూడ్రైవర్‌తో లోపలికి బిగించి, మళ్లీ శ్రుతి చేయడం. పలక వెనక అంచు కింద 3 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ సందు మిగిలేలా చూసుకోమని ఫెండర్ చెబుతుంది. లావు తీగలకు నెక్ కూడా కాస్త ముందుకు వంగే మాట వాస్తవమే, దానికి కడ్డీని పావు చుట్టు తిప్పవలసి రావచ్చు. అది ఆ తరవాతి పని.

తీగల ఎత్తు మార్చే మరలు బ్రిడ్జ్ మీదే, కంటికి కనిపించే చోటే ఉన్నాయి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో తీగ ఆనే దిమ్మ, అంటే సాడిల్, తీగకొకటి; ప్రతి సాడిల్‌కు రెండు చిన్న మరలు. అదే ఏడాది లెస్ పాల్ కస్టమ్ మీద వచ్చిన గిబ్సన్ బ్రిడ్జ్‌లో రెండు చక్రాలను వేళ్లతో తిప్పితే చాలు. వాయించేవాడు తన చేతికి తగ్గట్టు మార్చుకోవాలనే వాటిని అక్కడ పెట్టారు. కొత్త గిటార్‌తో చాలా కంపెనీలు చిన్న అలెన్ కీలు ఇచ్చేదీ అందుకే. "ముట్టుకోవద్దు" అనేవారు ఆ కీలు ఎందుకిచ్చారో చెప్పాలి. చాలా బాక్స్ గిటార్లలో సాడిల్‌ను తీసి అరగదీస్తే తప్ప ఎత్తు తగ్గదు, ఆ పని చేయి తిరిగినవాళ్లే చేయాలి. బాక్స్ గిటార్ మీద నేర్చుకున్నవాళ్లు ఆ భయాన్ని ఎలక్ట్రిక్ గిటార్‌కూ అంటగట్టారు.

కొలత కూడా కష్టమేమీ కాదు. ముందు శ్రుతి చేయాలి, అది లేకుండా కొలిచిందంతా వృథా. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూడాలి. 0.25 బ్లేడ్ ఎక్కడ దొరుకుతుంది అంటారా? చేవెళ్లలో ట్రాక్టర్ మెకానిక్ దగ్గర. ఇంజన్ ట్యాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్‌లో ఆ బ్లేడ్ ఉంటుంది. అది ఆ సందులో తీగను కదిలించకుండా తాకుతూ దూరితే నెక్ బాగానే ఉంది, కడ్డీ జోలికి పోనక్కరలేదు.

ఆ తరవాతే సాడిల్. అర మిల్లీమీటరు గీతలున్న స్టీల్ స్కేల్ చాలు. స్ట్రాట్ తరహాకు పదిహేడో ఫ్రెట్ మీద తీగ అడుగు 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. గిబ్సన్ తరహాకు పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగ 2, సన్న తీగ 1.2. పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా నడుమ కనుక, అక్కడ పావు మిల్లీమీటరు దించాలంటే సాడిల్‌ను అర మిల్లీమీటరు దించాలి. మర ఎం3 రకమైతే అది ఒక పూర్తి చుట్టు. సాడిల్ రెండు మరలనూ సమంగా తిప్పాలి, లేకపోతే అది ఒరుగుతుంది. తిప్పిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి, మళ్లీ కొలత. అంతా అయ్యాక పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్, అక్కడే నొక్కి మీటిన స్వరం ఒక్కటిగా పలుకుతున్నాయో లేదో ట్యూనర్‌లో చూసుకోవాలి.

ఎంత కిందికి దించితే అంత గొప్ప సెటప్ అనే మాట కూడా ఒప్పుకోను. చర్చిలో గట్టిగా స్ట్రమ్ చేసేవాడి చేతికి 1.2 పనికిరాదు, ప్రతి కార్డూ గరగరమంటుంది. అయితే ఆ చప్పుడు ఆంప్‌లో వినబడుతోందా, ఉత్త చెక్క మీదేనా అన్నది ప్లగ్ పెట్టి విని తేల్చుకోవాలి. ఆంప్‌లో రానిదాని కోసం మరలు తిప్పడం అనవసరం.

పైగా మన దగ్గర మే నెల ఎండకు, జూన్ దాటాక వచ్చే చెమ్మకు చెక్క ఒకే తీరున ఉండదు. ఎటు వంగుతుందన్నది ఆ నెక్ చెక్కను బట్టి ఉంటుంది. కాలం మారినప్పుడల్లా కొలిచి చూసుకోవాలి. దీనికోసం చేవెళ్ల పిల్లవాడు గిటార్ భుజానికేసుకుని బస్సులో మెహిదీపట్నం దాకా సుమారు 40 కిలోమీటర్లు పోవాలనడం అన్యాయం. ఒక్క పూట పనికి కూలీ, ఛార్జీలు, రోజుల తరబడి గిటార్ షాపులోనే ఉండిపోవడం: వీటికి జడిసే ఎందరో ఎత్తు తీగలతోనే వేళ్లు కోయించుకుని చివరికి వాయించడం మానేస్తున్నారు.

సిటీకి పోవలసిన పనులు వేరే ఉన్నాయి. నట్ గాళ్లు లోతైపోయి మీటిన ఉత్త తీగ మొదటి ఫ్రెట్‌కు తగులుతుంటే, ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా అరిగితే, కడ్డీ బిగుసుకుపోయి కదలనంటే బస్సు ఎక్కండి. అక్కడ "యాక్షన్ (తీగల ఎత్తు) తగ్గించండి" అని ఊరుకోకండి. ఏ తీగ, ఏ ఫ్రెట్, సందు ఎంత అన్నది కాగితం మీద రాసి చేతికివ్వండి.